డాబా నిండా పన్నీరు గులాబీలు: గుల్కంద్, రోజ్ వాటర్ ఇంట్లో చేసుకుంటే మంచిదేనా?

డాబాతోట_బెజవాడ:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మూడేళ్ళ క్రితం కడియం వెళ్ళినప్పుడు నర్సరీలో ఆరు గులాబీ మొక్కలు తెచ్చాను. షోకు కోసం కొన్న నాలుగు హైబ్రిడ్ మొక్కలు రెండు ఎండాకాలాలు కూడా దాటలేదు. కొసరుగా ఇచ్చిన రెండు నాటు గులాబీలు మాత్రం బతికి, కొమ్మలు గుచ్చితే ఇప్పుడు పన్నెండు కుండీలయ్యాయి. లేత గులాబీ రంగు, పలచటి రేకులు, వాసన వీధి చివరిదాకా కొడుతుంది, నర్సరీ ఆయన పన్నీరు గులాబీ అన్నాడు. (మా అమ్మాయి పన్నీరు అంటే పాలక్ పన్నీర్ అనుకుని నవ్వింది. పెళ్ళిళ్ళలో పన్నీరు బుడ్డి చూడని తరం ఇది.) రోజూ పొద్దున ఇరవై ముప్పై పూలు వస్తున్నాయి, దేవుడికి పెట్టగా, పక్కింటి వాళ్ళకిచ్చినా ఇంకా మిగులుతున్నాయి, సాయంత్రానికి రేకులు రాలిపోతాయి కాబట్టి దాచుకునేవీ కావు.

ఇప్పుడు అసలు సంగతి. మా అత్తయ్య గారు గుల్కంద్ (గులాబీ రేకుల్ని చక్కెరలో ఊరబెట్టేది) పెడతానంటున్నారు. మామయ్య గారికి ఒంట్లో వేడి, పొద్దున ఫ్రీగా అవ్వదు, దానికి ఇదే మందు అని. ఆయనకి తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. అదేమంటే, పంచదార వెయ్యను, పటికబెల్లం వేస్తాను, అది చలవ అంటున్నారు. మా పూలు జాడీకి చాలవని నిన్న మార్కెట్ నుంచి ఇంకో కిలో గులాబీలు కూడా తెప్పించారు.

రెండోది, ఆవిడ ఎప్పటినుంచో షాపులో కొన్న రోజ్ వాటర్ రాత్రిపూట కళ్ళల్లో రెండు చుక్కలు వేసుకుంటారు. నిరుడు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మంటగా ఉన్నప్పుడు చల్లగా ఉంటుంది అంటారు. ఇప్పుడు ఇంట్లో తీసిన స్వచ్ఛమైన రోజ్ వాటరే వేసుకుంటానంటున్నారు.

మూడోది నాది. బుగ్గల మీద మంగు మచ్చలున్నాయి, రోజ్ వాటర్ రాస్తే పదిహేను రోజుల్లో పోతాయని రీల్స్‌లో తెగ చెప్తున్నారు. ఇందులో ఏది నిజం, ఏది వద్దు? గొడవ పడకుండా ఇంట్లో చెప్పుకునేలా ఎవరైనా చెప్పండి.

---

కడియపులంక_అక్క:

అమ్మా, ముందు ఆ మార్కెట్ కిలో పూలు పక్కన పెట్టేయండి. మిగతావన్నీ తర్వాత.

మేము పదిహేనేళ్ళు పూలతోట వేశాం కాబట్టి చెప్తున్నాను. దండలకు వెళ్ళే గులాబీకి తామర పురుగు, నల్లి, పేనుబంక, బూడిద తెగులు, ఒకటి పోతే ఒకటి. మందు పడకపోతే మొగ్గే విచ్చుకోదు. వాటిల్లో కొన్ని మందులు మొక్క లోపలికి ఎక్కేవి, పైన కడిగినంత మాత్రాన పోవు, ఉప్పు నీళ్ళలో నానబెట్టినా పోవు. వంకాయకో టమాటాకో అయితే మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని ఒక లెక్క ఉంది. దండలో గుచ్చే పూవును ఎవరో తింటారని రైతు అనుకోడు కదా, సాయంత్రం కొట్టి పొద్దున కోసేస్తారు, మేమూ అదే చేశాం. హోసూరు వైపు నుంచి వచ్చే పొడుగు కాడల డచ్ గులాబీలకైతే వాసన కూడా ఉండదు, వాటి జోలికే పోకండి. గుడిలో ఇచ్చిన దండలు, ఫంక్షన్‌లో మిగిలిన పూలు కూడా ఇందులోకే వస్తాయి.

మీ డాబా పూలు వేరే సంగతి. మీరు పురుగుమందు కొట్టి ఉండకపోతే నిశ్చింతగా వాడండి. అది ఎడ్వర్డ్ గులాబీ అయ్యుంటుంది. అసలు అత్తరు తీసే డమాస్క్ గులాబీ వేరే, రాజస్థాన్‌లో హల్దీఘాటీ వైపు దాన్ని చైత్రీ గులాబ్ అంటారు, చైత్రంలో ఒకసారి పూసి ఊరుకుంటుంది, దానికి చలి కావాలి. ఈ ఎడ్వర్డ్ అనేది 1800ల మొదట్లో హిందూ మహాసముద్రంలోని బూర్బోన్ దీవిలో, ఇప్పుడు రీయూనియన్ అంటున్నారు, ఆ డమాస్క్ గులాబీకీ చైనా గులాబీకీ కలిసి పుట్టింది. చైనా గులాబీ పోలిక వచ్చింది కాబట్టే మన ఎండల్లో కూడా ఏడాది పొడుగునా పూస్తుంది. వాసన మాత్రం డమాస్క్‌దే. గుల్కంద్‌కీ పనికొస్తుంది, పన్నీరుకీ పనికొస్తుంది.

గుల్కంద్ మా ఇంట్లో పెట్టే పద్ధతి: ఎండ ఎక్కక ముందే కోసి, చీమలు పోయేలా దులిపి, రేకులు విడదీసి, అడుగున తెల్లగా ఉండే మొదలు తుంచేయాలి, అది చేదు. ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి, పలచటి గుడ్డ మీద ఫ్యాను కింద తడి అనేది లేకుండా ఆరనివ్వాలి. రేకులు ఎంత తూగితే పటికబెల్లం పొడి అంత. గాజు జాడీలో ఒక వరస రేకులు, ఒక వరస పొడి, పైన కాస్త ఏలకుల పొడి, మూతికి గుడ్డ వాసెన కట్టి మూడు వారాలు ఎండలో. రెండు రోజులకోసారి పొడి చెంచాతో కలపాలి. ఆవకాయకి ఎంత జాగ్రత్త పడతామో దీనికీ అంతే, ఒక్క తడి చెయ్యి తగిలితే బూజు. రోజుకి ఇరవై పూలంటే జాడీ నిండదని కంగారు పడక్కర్లేదు, ఏ రోజు పూలు ఆ రోజే ఒక వరస వేసుకుంటూ పోవచ్చు.

మామయ్య గారి షుగర్ సంగతి మాత్రం నాకు వదిలేయకండి, తెలిసిన వాళ్ళు చెప్తారు.

---

మందులషాపు_గుంటూరు:

తెలిసిన వాళ్ళంటే నన్నే అనుకుంటా. ఇరవై రెండేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి అమ్ముతున్నవాణ్ణి, డాక్టర్‌ని కాదు, అది గుర్తు పెట్టుకుని చదవండి.

కళ్ళ గురించి ముందు. వద్దు. షాపు రోజ్ వాటర్ వద్దు, ఇంట్లో తీసింది అసలే వద్దు. కళ్ళల్లో వేసే చుక్కల మందులో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా తయారు చేసి సీల్ వేస్తారు, అలాంటిది కూడా మూత తీశాక నెల దాటితే పారేయమంటాం. ముఖానికి రాసుకునే రోజ్ వాటర్ ఆ పద్ధతిలో తయారవ్వదు. సీసా మీద 'బయట వాడకానికి మాత్రమే' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి పెద్దావిడకి కళ్ళజోడు పెట్టి చదివించండి. చాలా సీసాల్లో పూవు ఉండనే ఉండదు, నీళ్ళు, సెంటు, చెడిపోకుండా వేసే రసాయనం. ఇంట్లో తీసిన దాంట్లో ఆ రసాయనం ఉండదు, మంచిదే, కానీ అందుకే నాలుగు రోజుల్లో అందులో ఏమైనా పెరగొచ్చు. మీరు 'స్వచ్ఛమైనది' అంటున్నదే కంటికి ఎక్కువ రిస్కు. ఆపరేషన్ అయిన కంటికి ఇన్ఫెక్షన్ వస్తే చాలా సీరియస్.

ఆవిడకి మంట అబద్ధం కాదు. శుక్లం ఆపరేషన్ తర్వాత కళ్ళు పొడారడం చాలామందికి ఉంటుంది. దానికి కన్నీళ్ళ లాంటి చుక్కల మందులుంటాయి, ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడిగితే రాసిస్తారు. చల్లదనమే కావాలంటే శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి మూసిన రెప్పల మీద పెట్టుకోమనండి. కావాలంటే ఆ గది గుమ్మంలో పన్నీరు చల్లండి, వాసన ఎటూ వస్తుంది :)

పటికబెల్లం. ఇది నేను రోజుకి ఒకరికైనా చెప్తాను. పటికబెల్లం అంటే గడ్డ కట్టిన చక్కెరే. చలవ అని పేరున్నా రక్తంలోకి వెళ్ళేది అదే. అక్క చెప్పిన లెక్కలో సగానికి సగం చక్కెర, పైగా ఎండలో రేకుల్లో నీరు ఇగిరిపోతే సగం కంటే ఎక్కువే. పెద్ద చెంచా 20 గ్రాములనుకుంటే కనీసం 10 గ్రాముల చక్కెర. పొద్దునా రాత్రీ రెండు చెంచాలంటే టీలో మానేసిన పంచదార అంతా ఈ దారిలో లోపలికి వచ్చినట్టే. తేనె వేసి చేసినా తేడా ఏమీ ఉండదు. ఆయనకి కావాల్సింది విరేచనం సాఫీగా అవ్వడమే అయితే జామకాయ, తోటకూర, నీళ్ళు, సాయంత్రం నడక. చాలకపోతే రాత్రి ఇసబ్‌గోల్, దాని మీద నిండుగా నీళ్ళు. ఇంట్లో మిగతా వాళ్ళు అన్నం తిన్నాక అర చెంచా గుల్కంద్ తింటే తప్పేం లేదు, మిఠాయి లాగా తినండి, మందు అని తినకండి.

మంగు మచ్చలు రోజ్ వాటర్‌తో పోవు. నెల రోజులు రాసి మానేసిన వాళ్ళే మళ్ళీ నా దగ్గరకు వస్తారు. మంగుకి ఎండే శత్రువు, డాబా మీద పూలు కోసేటప్పుడు కూడా సన్‌స్క్రీన్ రాసుకుని, తల మీద కొంగో టోపీయో వేసుకోండి, ఒకసారి చర్మం డాక్టర్‌కి చూపించండి. రోజ్ వాటర్ ముఖానికి చల్లగా, హాయిగా ఉంటుంది, ముల్తానీ మట్టి కలుపుకోవడానికి బాగుంటుంది, అంతవరకే. అది కూడా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. గులాబీకి వాసన ఇచ్చే జెరానియాల్, సిట్రొనెల్లాల్ కొంతమందికి దురద తెప్పిస్తాయి, పూవులోదైనా సీసాలోదైనా.

---

పాతమందు_కొత్తసీసా:

మందుల షాపు అన్నయ్యా, ఇంగ్లీషు మందులు అమ్మేవాళ్ళు ఇలాగే అంటారని తెలుసు. మా తాతగారు పల్లెలో వైద్యం చేసేవారు. గులాబీని మన ఆయుర్వేదంలో శతపత్రి, తరుణి అన్నారు, శీతవీర్యం, అంటే ఒంటికి చలవ చేసేది అన్నారు, పిత్తం తగ్గిస్తుందన్నారు. యునానీ వాళ్ళకైతే గుల్కంద్ లేని రోజు లేదు, చార్మినార్ పక్కన నిజామియా ఆసుపత్రిలో ఈనాటికీ యునానీ వైద్యం నడుస్తోంది. ఇన్ని వందల ఏళ్ళు ఇంతమంది తిన్నది ఒట్టి మిఠాయి అంటే ఎలా?

అయితే ఒకటి ఒప్పుకుంటాను. గుల్ అంటే పూవు, కంద్ అంటే చక్కెర, ఫార్సీలో. పేరులోనే చక్కెర ఉంది. మా తాతగారు కూడా మధుమేహం ఉన్నవాళ్ళకి ఇచ్చేవారు కాదు. ఎండకి తిరిగొచ్చి నోరు పూసిన వాళ్ళకి, కడుపులో మంట అన్నవాళ్ళకి చిన్న ఉండ ఇచ్చేవారు. కళ్ళకి వాడే అర్కం, అంటే ఆవిరి పట్టి తీసే మందు నీళ్ళు, విడిగా చేసేవారు, ఈ పాటి ఇంటి పన్నీరు కాదు.

---

మందులషాపు_గుంటూరు:

తాతగారి మాటే నా మాట కూడా అన్నమాట. కోపం లేదు :)

---

నిజామాబాద్_టు_జెడ్డా:

అక్కలకు, అన్నలకు నమస్తే. నేను ఇక్కడ సౌదీలో, జెడ్డాలో పదకొండేళ్ళ నుంచి డ్రైవర్ పని. ఇక్కడికి దగ్గరలో తాయిఫ్ అని కొండ మీద ఊరుంది, మార్చి ఏప్రిల్ నెలల్లో అక్కడ గులాబీ తోటలు పూస్తాయి, అదీ డమాస్క్ రకమే. సేటుతో రెండు మూడు సార్లు పోయాను. తెల్లవారకముందే కోస్తారు, ఎండ ఎక్కితే వాసన ఎగిరిపోతదంట. రాగి డేగిసాల్లో పూలు, నీళ్ళు పోసి మంట పెట్టి, ఆవిరిని గొట్టంలో చల్లార్చి పడతారు. మక్కాలో కాబాను అక్కడి జంజం బావి నీళ్ళతో, రోజ్ వాటర్‌తో కడుగుతారని మీకు తెలిసే ఉంటది.

చెప్పొచ్చేది ఏంటంటే, ఒక్క కిలో గులాబీ నూనె తీయాలంటే మూడున్నర, నాలుగు వేల కిలోల పూలు కావాలి. అంటే పది మిల్లీలీటర్ల సీసాకే ముప్పై కిలోల పూలు దాటతది. మన దగ్గర ఆన్‌లైన్‌లో నూట యాభై రూపాయలకు 'ప్యూర్ రోజ్ ఆయిల్' అని అమ్ముతుంటే మా చెల్లె కొని ముఖానికి రాసుకుంది, రెండు రోజులు బుగ్గలు ఎర్రగా ఉబ్బినయ్. ఆ రేటుకు పూల కూలి కూడా రాదు, ఇంక నూనె ఎక్కడిది? సెంటు నూనె అది. అసలైన నూనె అయినా సరే నేరుగా చర్మానికి పెట్టొద్దు, వేరే నూనెలో ఒకటి రెండు చుక్కలు కలుపుకోవాలి.

ఇంకో ముచ్చట. ఫార్సీలో గులాబ్ అంటేనే పూలనీళ్ళు అని మా సేటు చెప్పిండు, గుల్ పూవు, ఆబ్ నీళ్ళు. మనం నీళ్ళ పేరు తీసి పూవుకు పెట్టుకుని, నీళ్ళకు మళ్ళీ రోజ్ వాటర్ అని పేరు వెతుక్కున్నాం.

---

డాబాతోట_బెజవాడ:

అందరికీ చాలా చాలా థాంక్స్. మార్కెట్ పూలు దేవుడి గదికి వెళ్ళిపోయాయి, కిలో పూలతో వినాయకుడు కనిపించడం లేదు. అత్తయ్య గారితో కళ్ళ సంగతి నేను చెప్తే వినలేదు, సీసా మీద అక్షరాలు మా అమ్మాయి చేత చదివిస్తే మాట్లాడకుండా లోపల పెట్టేశారు. సోమవారం కంటి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తున్నాం.

అక్కా, రాగి డేగిసాలు మనకెక్కడివి, ఇంట్లో రోజ్ వాటర్ ఎలా తీయాలి? రేకులు నీళ్ళలో మరిగించి వడకట్టడమేనా?

---

కడియపులంక_అక్క:

మరిగించి వడకడితే వచ్చేది గులాబీ కషాయం, రంగు ఉంటుంది, వాసన సగం ఆవిరిలోనే పోతుంది, మర్నాటికే పులుస్తుంది. పన్నీరు అంటే ఆవిరిని పట్టాలి. ఇడ్లీ పాత్ర తీసుకోండి, ప్లేట్లు వద్దు. మధ్యలో చిన్న స్టాండు, దాని మీద స్టీలు గిన్నె. చుట్టూ రేకులు, అవి మునిగేంత నీళ్ళు, గిన్నెలోకి పోకుండా. మూత తిరగేసి పెట్టి, పైన ఐసు ముక్కలు. సన్నటి సెగ. ఆవిరి చల్లటి మూతకు తగిలి చుక్కలు చుక్కలుగా మధ్య గిన్నెలో పడుతుంది. ఐసు కరిగితే నీళ్ళు తీసి మళ్ళీ వేయండి. ముప్పావు గంట చాలు, ఆశ పడి ఎక్కువసేపు ఉంచితే చివర వచ్చేది ఒట్టి నీళ్ళు. మరిగించిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వారం, పది రోజుల్లో వాడేయండి. మసకబారినా వాసన మారినా మొక్కలకి పోసేయండి.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్:

ఆలస్యంగా వచ్చాను. నిద్రకీ టెన్షన్‌కీ గులాబీ వాసన మంచిదని ఎవరూ అనలేదేంటా అని చూస్తున్నాను. ఇరాన్‌లో దీని మీద చాలానే పరీక్షలు చేశారు, ఆపరేషన్ ముందు భయానికి, నెలసరి నొప్పికి, నిద్రకి. కొంత హాయి అనిపించిందనే చాలావాటిలో వచ్చింది. కానీ చిన్న చిన్న పరీక్షలు. పైగా మాత్రకి బదులు ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చినట్టు ఇక్కడ కుదరదు, ముక్కున్న ఎవరికైనా అది గులాబీ అని తెలిసిపోతుంది. ఖర్చు లేనిది, హాని లేనిది కాబట్టి దిండు పక్కన నాలుగు పూలు పెట్టుకోండి, నేనైతే పెట్టుకుంటాను. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే అగరొత్తులు, స్ప్రేలు మాత్రం వద్దు.

గులాబీ కాయల్లో విటమిన్ సి అని ఇంకో గోల నడుస్తోంది. అది నిజమే, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి నారింజలు ఓడల్లో రాక, పిల్లలు పొదల వెంట తిరిగి అడవి గులాబీ కాయలు ఏరితే వాటితో సిరప్ చేశారు. నారింజలు లేక చేసిన పని అది. మనకి జామకాయలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే ఉంది, ఉసిరి ఉండనే ఉంది. గులాబీ కాయ పొడి డబ్బా మీద డబ్బులు తగలేయకండి.

నేను అసలు చెప్దామని వచ్చింది ముల్లు గురించి. మీరు రోజూ ఇరవై ముప్పై పూలు కోస్తున్నారు. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి. మట్టిలో, ముళ్ళ మీద ఒక రకం ఫంగస్ ఉంటుంది, అరుదుగా అది లోపలికి పోయి, ఒకటి రెండు వారాలకో ఇంకా తర్వాతో చిన్న గడ్డ లేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, తర్వాత చేతి పొడుగునా వరసగా గడ్డలు వస్తాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కి తగ్గదు, డాక్టర్‌కి గులాబీ మొక్కల పని చేస్తామని చెప్తేనే త్వరగా తెలుస్తుంది. షుగర్ ఉన్న మామయ్య గారిని గ్లౌజులు లేకుండా కొమ్మలు కత్తిరించనివ్వకండి.

---

డాబాతోట_బెజవాడ:

నెల తర్వాత అప్‌డేట్. కంటి డాక్టర్ పొడారిన కళ్ళే అన్నారు, చుక్కలు ఇచ్చారు, అత్తయ్య గారికి మంట తగ్గింది. అయినా ఆ చుక్కల్లో వాసన లేదని కంప్లయింట్. పన్నీరు బాగా వచ్చింది, ఒక గ్లాసు లోపే, కానీ ఆ తర్వాత రెండు సార్లు ఇడ్లీలు గులాబీ వాసన వచ్చాయి. చింతపండు పెట్టి తోమాక పోయింది, ఎవరైనా చేస్తే పాత ఇడ్లీ పాత్ర విడిగా పెట్టుకోండి.

గుల్కంద్ రెండు జాడీలు పెట్టాం. ఒకటి రేకులు సరిగ్గా ఆరక బూజు పట్టింది, పారేశాం. రెండోది ముదురు రంగు వచ్చి తేనెపాకంలా తయారైంది, పిల్లలకి పాలల్లో వేసి ఇస్తున్నాను. కాకపోతే జాడీలో మట్టం మేము తిన్నదానికంటే ఎక్కువ తగ్గుతోంది. అత్తయ్య గారిని అడిగితే చీమలు అన్నారు. నిన్న పొద్దున చూస్తే మామయ్య గారి పళ్ళెం పక్కన గులాబీ రేకు అంటుకున్న చెంచా ఉంది. ఆయనకి రేపు పరగడుపు షుగర్ టెస్టు, రిపోర్టు చూశాక జాడీ ఎక్కడ దాచాలో ఆలోచిస్తాను.